సి డ్రైవ్‌కి చోటు కావాలి

2022 ఏప్రిల్ 3 రాత్రి తిరుపతిలో పడుకున్నవాళ్లు చిత్తూరు జిల్లాలో పడుకున్నారు. పొద్దున లేచేసరికి తిరుపతి జిల్లాలో ఉన్నారు. ఎవరూ సామాన్లు సర్దలేదు. కపిలతీర్థం కదల్లేదు, లీలామహల్ సర్కిల్ కదల్లేదు. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు జిల్లా నుంచి ఇటు వచ్చాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. నిజానికి మారింది గెజిట్‌లో కొన్ని లైన్లు, అంతే. చిత్తూరు జిల్లాకి ఇది అలవాటే. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి కొంత తీసి కలిపితే పుట్టిన జిల్లా ఇది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు వైపు ఊళ్లు మనకి వచ్చాయి. తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

కంప్యూటర్‌లో పార్టిషన్ కూడా అచ్చం ఇలాంటిదే. అందుకే జిల్లాల నుంచి మొదలుపెట్టాను. (పార్టిషన్‌ని తెలుగులో ఏమనాలి అని క్లబ్ గ్రూప్‌లో అడిగితే "విభజన" అన్నారు ఒకరు. వెంటనే ఇంకొకరు "రాజకీయాలు వద్దు" అన్నారు. పార్టిషన్ అనే ఉంచేశాను.)

మనకి స్క్రీన్ మీద సి డ్రైవ్, డి డ్రైవ్ రెండు వేరే వేరే డబ్బాల్లాగా కనిపిస్తాయి కానీ లోపల ఉండేది ఒకటే డిస్క్. 0 నుంచి నంబర్లు వేసుకుంటూ పోయిన చిన్న చిన్న గదులు, అంటే సెక్టర్లు. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుల్లో 0 నంబర్ సెక్టర్‌ని ఎంబీఆర్ అంటారు. మొత్తం 512 బైట్లు. అందులో పార్టిషన్ టేబుల్‌కి ఇచ్చింది 64 బైట్లే. ఒక్కో పార్టిషన్‌కి 16 బైట్లు చొప్పున నాలుగు వరసలు. ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని సెక్టర్లు ఉంది, ఏ రకం, కంప్యూటర్ ఇక్కడి నుంచి స్టార్ట్ అవ్వాలా వద్దా, దాదాపు ఇదే ఉంటుంది ఒక్కో వరసలో. 64 బైట్లు ఎంత చిన్నవో చెప్తాను చూడండి. యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది, ఒత్తులకి, గుణింతాలకి విడిగా లెక్క. "శ్రీకాళహస్తీశ్వరస్వామి" అని రాస్తే 66 బైట్లు. స్వామి పేరు కూడా పట్టదు ఆ టేబుల్‌లో. ఐదొందల జీబీ డిస్క్ హద్దులన్నీ అందులోనే ఉంటాయి.

ఇది 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి. సెక్టర్ నంబర్‌కి 32 బిట్లే ఇచ్చారు కాబట్టి 2 టీబీ దాటిన డిస్క్‌ని ఇది పూర్తిగా చూడలేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో జీపీటీ అనే టేబుల్ ఉంటుంది. మామూలుగా 128 వరసలు, పైగా అదే టేబుల్ ఇంకో కాపీ డిస్క్ చివర్లో. ఒకటి పాడైతే రెండోది పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఫైళ్ల పేర్లు ఈ టేబుల్‌లో ఉండవు. అవి పార్టిషన్ లోపల, ఫైల్ సిస్టమ్ దగ్గర ఉంటాయి. విండోస్‌లో అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్. అంటే లెక్కలు రెండు చోట్ల ఉన్నాయి: బయట జిల్లా హద్దులు, లోపల తాసిల్దార్ ఆఫీసు రికార్డులు. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పార్టిషన్ చిన్నది చెయ్యాలంటే ముందు ఫైల్ సిస్టమ్ లోపలే సర్దుకోవాలి, తోక వైపు ఉన్న ఫైళ్లని ముందుకి జరుపుకోవాలి, ఆ తర్వాతే హద్దు జరగాలి. పెద్దది చెయ్యాలంటే తిరగేసి: ముందు హద్దు, తర్వాత ఫైల్ సిస్టమ్. మంచి టూల్ ఈ వరస తప్పదు. "పార్టిషన్ చేస్తే డేటా పోయింది" అని మనం వినే కథల్లో చాలావాటిలో ఈ వరస తప్పి ఉంటుంది, లేకపోతే పని మధ్యలో ఆగిపోయి ఉంటుంది.

చిత్తూరులో మా నాయనకి చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, విజిటింగ్ కార్డులు, గంగజాతరప్పుడు ఫ్లెక్సీల డిజైన్లు. అక్కడున్న కంప్యూటర్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్‌లో చూస్తే 465 అనే కనిపిస్తుంది. ఎవరూ మోసం చెయ్యలేదు, డిస్క్ అమ్మేవాళ్లు వెయ్యి లెక్కన గుణిస్తారు, విండోస్ 1024 లెక్కన భాగిస్తుంది. అసెంబుల్ చేసినవాళ్లు సి డ్రైవ్‌కి 100, డి డ్రైవ్‌కి 365 పెట్టారు. అప్పటికి అది బానే ఉండింది. ఏళ్లు గడిచేకొద్దీ విండోస్ అప్‌డేట్లు, ఫోటోషాప్, ఫాంట్లు అన్నీ చేరి సి డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయింది. ఒకరోజు ఫోన్: "పాపా, ఫోటోషాప్ తెరిస్తే ఏందో స్క్రాచ్ అంటా ఉండాది. డిస్కు మీద గీత పడిందంటావా?"

గీత పడలేదు. ఫోటోషాప్ పని చేసేటప్పుడు ర్యామ్ చాలకపోతే డిస్క్ మీద తాత్కాలికంగా కొంత చోటు వాడుకుంటుంది, దాన్నే స్క్రాచ్ డిస్క్ అంటారు. ఆ చోటు అయిపోయింది.

ఇలాంటప్పుడు ఏ షాపుకి పోయినా మందు ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, సి డ్రైవే కదా, డి లో ఉండేవి ఎక్కడికీ పోవు." ఈ మాటలో సగమే నిజం. డెస్క్‌టాప్ మీద పెట్టినవి, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, అన్నీ ఉండేది సి లోనే. మా నాయన కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫోటోలు మొత్తం డౌన్‌లోడ్స్‌లోనే ఉన్నాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సెట్టింగులు కూడా సి లోనే. ఫార్మాట్ అయ్యాక మళ్లీ అన్నీ ఎక్కించుకునేసరికి వారం పడుతుంది. ముహూర్తాల్లో షాపు వారం మూస్తే ఆ పత్రికల ఆర్డర్లు పక్క వీధికి పోతాయి.

నన్నడిగితే పార్టిషన్ జోలికి పోయేముందు అసలు అవసరమా అని చూడాలి. స్క్రాచ్ డిస్క్‌ని ఫోటోషాప్ సెట్టింగుల్లో డి కి మార్చొచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్‌లో డి కి పంపొచ్చు. విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ పాత అప్‌డేట్ల చెత్త తీసేస్తుంది. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది, ఈ వ్యాసం మిగతాది చదవక్కర్లేదు. మా షాపులో ఇవన్నీ చేస్తే 9 జీబీ దొరికింది. రెండు వారాల్లో అదీ నిండిపోయింది.

డి లో 155 జీబీ ఖాళీగా ఉంది. అందులో 100 తీసి సి కి ఇస్తే చాలు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి డి మీద రైట్ క్లిక్ చేస్తే ష్రింక్ వాల్యూమ్ ఉంటుంది, సి మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఉంటుంది. ఇక్కడ తగదని, అక్కడ అంటించని అన్నట్టుగా కనిపిస్తుంది. డి ని తగ్గించాక చూస్తే సి దగ్గర ఎక్స్‌టెండ్ బూడిదరంగులో ఉంటుంది, నొక్కితే పడదు. అందరూ ఆగిపోయేది ఇక్కడే.

కారణం చాలా సింపుల్. ష్రింక్ చేస్తే డి తోక తెగుతుంది, తల అక్కడే ఉంటుంది. ఖాళీ డిస్క్ చివర్లో వచ్చింది. సి కి కావాల్సింది తన కుడిపక్కన ఆనుకుని ఉన్న చోటు. గూడూరు దగ్గర ఖాళీ స్థలం ఉంది కదా అని కుప్పం మండలాన్ని పెంచగలమా? మధ్యలో జిల్లా అంతా ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇదే తంటా ఇంకో రూపంలో వస్తుంది: సి పక్కనే చిన్న రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది.

అయితే డి తలని 100 జీబీ కుడికి జరపాలి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌కి అది రాదు. జీపార్టెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చు. 2004 నుంచి ఉంది, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వాడొచ్చు. కానీ తల జరపడం అంటే గెజిట్‌లో లైన్ మార్చడం లాంటిది కాదు. ఊరిని ఎత్తి పక్కన పెట్టడం. డి లో ఉన్న 210 జీబీని చదవాలి, 100 జీబీ అవతల రాయాలి, అదే డిస్క్ మీద. పాత హార్డ్ డిస్క్‌కి సెకనుకి 40 ఎంబీ అనుకుంటే 210000ని 40తో భాగించండి, 5250 సెకన్లు. దాదాపు గంటన్నర. మధ్యలో కరెంట్ పోతే? కొత్త చోటు, పాత చోటు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి తోక వైపు నుంచి కాపీ అవుతూ వస్తుంది. సగంలో ఆగితే వెనక భాగం కొత్త చోటులో, ముందు భాగం పాత చోటులో. పాత హద్దులు చెప్పేదీ తప్పే, కొత్త హద్దులు చెప్పేదీ తప్పే. మా షాపు యూపీఎస్ పదిహేను నిమిషాలు ఆగుతుంది.

జీపార్టెడ్ చెడ్డదని నేననడం లేదు. ఎంతోమంది డేటా దాంతో క్షేమంగా జరిగింది. కానీ వాళ్లు కూడా ముందు బ్యాకప్ తీసుకోమనే చెప్తారు. అక్కడే నాకు ఒక విషయం తట్టింది. బ్యాకప్ ఎలాగూ తీసుకోవాలి. తీసుకున్నాక డేటా మొత్తం బయట ఇంకో డిస్క్‌లో ఉంటుంది. ఇంక డి ని జాగ్రత్తగా జరపడం దేనికి? తీసేసి మళ్లీ చేసుకోవచ్చు కదా. "డేటా పోకుండా పార్టిషన్ మార్చే సాఫ్ట్‌వేర్" అని వెతుక్కుంటాం అందరం. ఆ భరోసా ఇచ్చేది రెండో కాపీయే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా.

ఆషాఢం వచ్చేదాకా ఆగాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పత్రికలుండవు, షాపు ఒకరోజు మూసినా అడిగేవాళ్లుండరు. ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాం. ముందు సి మొత్తాన్ని సిస్టమ్ ఇమేజ్ తీశాను, విండోస్ 10 కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ టూల్ ఇంకా ఉంది, దాంతో. తర్వాత డి లో ఉన్న ఫోల్డర్లన్నీ కాపీ. వెనక పోర్టు యూఎస్‌బీ 2.0, అందుకని రెండు గంటల పైనే పట్టింది. మా నాయన టీ తాగొచ్చి "అయిపొయ్యిందా" అనడం, నేను "లేదు నాయనా" అనడం, నాలుగుసార్లు.

కాపీ అయిపోయింది అని కంప్యూటర్ చెప్తే నమ్మేయకూడదు. రెండు చోట్లా ఫోల్డర్లు సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూడాలి. ఫైళ్ల సంఖ్య ఒకటే ఉండాలి, సైజు బైట్లలో ఆఖరి అంకె దాకా ఒకటే ఉండాలి. కింద "సైజ్ ఆన్ డిస్క్" అని ఇంకోటి ఉంటుంది, అది తేడా వచ్చినా భయం లేదు. ఆ తర్వాత ఎక్స్‌టర్నల్ నుంచే, వేరే కంప్యూటర్‌లో పెట్టి, కొన్ని ఫైళ్లు తెరిచి చూడాలి. మా నాయన ఏరిన ఫైళ్లు నేను ఏరేవాణ్ని కాదు అని ఎవరైనా అనుకుంటారు, నేనైతే కొత్తవి తెరిచేదాన్ని. ఆయన 2013లో చేసిన ఒక పెళ్లి పత్రిక తెరిపించాడు. ఆ పెళ్లికూతురి చెల్లెలికి ఇప్పుడు పెళ్లట, "అక్క పత్రిక మాదిరే కావాల" అని వాళ్లు అడిగే అవకాశం ఉందట. అప్పుడర్థమైంది నాకు, అది పాత చెత్త కాదు, షాపు పెట్టుబడి అని.

ఇంకో మాట. డి ని డిలీట్ చేసిన క్షణం నుంచి మళ్లీ వెనక్కి కాపీ అయ్యేదాకా డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ ఒక్కదాంట్లోనే ఉంటుంది. ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని కాపీ అనరు, అసలు అంటారు. అది చెయ్యి జారి కింద పడితే? అందుకని గత రెండేళ్ల పనులు, 40 జీబీ, నా ల్యాప్‌టాప్‌లో కూడా వేసుకున్నాను.

ఆ తర్వాతది పది నిమిషాల పని. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి మీద డిలీట్ వాల్యూమ్. అయినా సి దగ్గర ఎక్స్‌టెండ్ బూడిదగానే ఉంది! డి ఉన్న చోటు చూస్తే నల్లగీతకి బదులు ఆకుపచ్చ చట్రం. ఎంబీఆర్‌లో నాలుగే వరసలని చెప్పాను కదా. ఎక్కువ కావాలంటే ఒక వరసని ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అని చేసి, దాని లోపల మళ్లీ చిన్న పార్టిషన్లు పెడతారు. మా డి అలాంటి చట్రం లోపల ఉండింది. డి పోయినా చట్రం మిగిలింది. ఆ ఆకుపచ్చదాన్ని కూడా డిలీట్ చేశాక నల్లగీత వచ్చింది, ఎక్స్‌టెండ్ వెలిగింది. 102400 ఎంబీ అని కొట్టాను. సి 200 అయ్యింది. మిగిలిన 265లో కొత్త పార్టిషన్ చేసి మళ్లీ డి అనే అక్షరమే ఇచ్చాను. అక్షరం ముఖ్యం: పేజ్‌మేకర్ ఫైల్‌లో బొమ్మల లింకులు "డి లో ఫలానా ఫోల్డర్" అని రాసుకుని ఉంటాయి. ఈ పనుల మధ్యలో ఎప్పుడైనా విండోస్ "డైనమిక్ డిస్క్‌గా మారుస్తాను" అని అడిగితే నో అనండి. వెళ్లడం తేలిక, వెనక్కి రావడం కష్టం, ఆ డిస్క్ మీద తర్వాత లినక్స్ వేసుకోవాలన్నా ఇబ్బంది.

రీస్టార్ట్ చేస్తే కంప్యూటర్ మామూలుగానే లేచింది. లేస్తుందని ముందే తెలుసు, ఎందుకంటే సి తలని మేం ముట్టుకోలేదు. ఎంబీఆర్ డిస్కుల్లో విండోస్ బూట్ లెక్కలు తన పార్టిషన్‌ని ఎలా గుర్తుపెట్టుకుంటాయంటే, ఈ డిస్క్‌లో ఇన్నో సెక్టర్ దగ్గర మొదలు అని. తోక పెరిగితే దానికేం పట్టదు. తల జరిగితే ఇంటి అడ్రస్ మారినట్టు, వెతుక్కుంటూ నల్లటి స్క్రీన్ మీద ఆగిపోతుంది. స్టార్టప్ డ్రైవ్ విషయంలో నేను పెట్టుకున్న నియమం ఇదొక్కటే: తోకతో ఏమైనా చెయ్యి, తల ముట్టుకోకు.

మన కాలేజీలో చాలామందికి అవసరం దీనికి తిరగేసి ఉంటుంది. ఓఎస్ ల్యాబ్ కోసం లినక్స్ కావాలి, ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అంతా ఒకటే సి డ్రైవ్. ఇది సులభం, తోక తగ్గించడమే కాబట్టి. బ్యాకప్ మాత్రం దీనికీ తప్పదు. ష్రింక్ కొడితే ఒక్కోసారి 300 జీబీ ఖాళీ ఉన్నా 40 మాత్రమే ఇస్తానంటుంది. తోక వైపు ఎక్కడో కదలని ఫైల్ కూర్చుని ఉంటుంది, చేను మధ్యలో బండ మాదిరి. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ దాచుకున్నవి, ఇవి మామూలుగా ఆ బండలు. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో 259 నంబర్ ఈవెంట్ చూస్తే ఏ ఫైల్ అడ్డం పడిందో పేరుతో సహా ఉంటుంది. ఆ మూడూ ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, ష్రింక్ చేసుకుని, మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

దానికంటే ముందు బిట్‌లాకర్ సంగతి చూసుకోండి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు మనకి చెప్పకుండానే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతాయి. లినక్స్ వేశాక బూట్ వరస మారిందని దానికి అనుమానం వస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ల్యాప్‌టాప్ కొన్నరోజు పెట్టింది, ఎవరికి గుర్తుంటుంది? ముందే తీసి కాగితం మీద రాసుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చెయ్యండి, లేకపోతే షట్‌డౌన్ అన్నా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, అలా ఉన్న పార్టిషన్‌లో రాయడానికి లినక్స్ ఒప్పుకోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 100 ఎంబీ అంత చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని వాడుకోండి, ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టొద్దు. విండోస్ లేవడానికి కావాల్సిన ఫైళ్లు అందులోనే ఉంటాయి.

ఇవన్నీ చేశాక కూడా, లేదా ఇంకెవరో చేసినదాని వల్ల, ఒకరోజు పార్టిషన్ మాయమవ్వొచ్చు. లేకపోతే డి మీద క్లిక్ చేస్తే "ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా" అని అడగొచ్చు. క్యాన్సిల్ కొట్టండి. చాలాసార్లు పోయింది హద్దుల లైనే, ఊళ్లు అక్కడే ఉంటాయి. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఫ్రీ టూల్ డిస్క్ అంతా వెతికి, ఫైల్ సిస్టమ్ మొదళ్లు ఎక్కడ కనిపిస్తున్నాయో చూసి, టేబుల్‌ని మళ్లీ రాయగలదు. అప్పటిదాకా ఆ డిస్క్ మీద ఒక్క ఫైల్ కూడా కొత్తగా రాయకూడదు. ఆ టూల్‌ని కూడా వేరే కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకునే నడపాలి.

హార్డ్ డిస్క్‌కి ఉన్న ఈ వెసులుబాటు ఎస్‌ఎస్‌డీకి తక్కువ. ఎస్‌ఎస్‌డీ ఉన్న పార్టిషన్‌ని ఫార్మాట్ చేస్తే, క్విక్ ఫార్మాట్ అయినా సరే, విండోస్ దానికి ట్రిమ్ అనే కబురు పంపుతుంది: ఈ గదులు ఇక అక్కర్లేదు, నీ ఇష్టం అని. ఎస్‌ఎస్‌డీ తన తీరికలో వాటిని నిజంగానే చెరిపేస్తుంది. ఆ తర్వాత టెస్ట్‌డిస్క్ కాదు కదా, వేలు తీసుకునే రికవరీ షాపుల వాళ్లకి కూడా అక్కడ మామూలుగా సున్నాలే కనిపిస్తాయి.